అరువదిమూడేండ్ల సమీకరణము
(గతిశాస్త్ర చరిత్ర: ఆరవ భాగము)

ఉన్నత పాఠశాల విద్యార్థి నడిగినను, ఇంజనీరింగు చదివి ఉద్యోగమున స్థిరపడినవాని నడిగినను, బలమనగా ద్రవ్యరాశిని త్వరణముచే గుణింపగా వచ్చు లబ్ధమనియు, ఆ సూత్రమును లోకమునకు చెప్పినవాడు న్యూటననియు తడుముకొనక సమాధానము వచ్చును. ఆ సమాధానములో మొదటి సగము నిర్దుష్టము. రెండవ సగమును మాత్రము చరిత్రకారుడు ఉన్నదున్నట్లు అంగీకరింపజాలడు. 1687 జూలైలో లండను నగరమున వెలువడిన ప్రిన్సిపియా గ్రంథమును మొదటి పుటనుండి చివరి పుటవరకు తిరుగవేసినను, ఒకవైపు బలమును, వేరొకవైపు ద్రవ్యరాశి త్వరణముల లబ్ధమును నిలిపిన సమీకరణము ఎక్కడను కానరాదు. ఆ రూపమున అది విద్వల్లోకము నెదుట నిలుచుటకు ఇంకను అరువదిమూడేండ్లు పట్టెను. నిలిపినవాడు ఇంగ్లండు దేశీయుడు కాడు, స్విట్జర్లాండులోని బాసెలు నగరమున పుట్టి, ప్రష్యా రాజు కొలువులో బెర్లినునందు పనిచేయుచుండిన లియొనార్డ్ ఆయిలర్.

ఇట్లు చెప్పుటవలన న్యూటను కీర్తికి లోపము కలుగునని ఎవ్వరును శంకింపనక్కరలేదు. విత్తనము ఆయనదే, నేల దున్నినవాడును ఆయనయే. కాని గుణకారము బాలురు సైతము చేయగలరు. గుణించుటకు ముందు ఒక వస్తువుపై పనిచేయుచున్న బలములన్నిటిని దిక్కులతోసహా కూడి, పరస్పరము కొట్టివేసికొనిన పిదప మిగిలిన శేషమును మాత్రమే గ్రహింపవలెనను క్రమశిక్షణ ఐరోపా మేధావులకు అలవడుటకు రెండు తరములు గడచెను. ఆ రెండు తరముల కథయే ఈ భాగమునకు విషయము.

గత భాగమున గెలీలియో వాలుపలకను చూచితిమి. పండ్రెండు మూరల దూలమున గాడి తొలిచి, నునుపైన తోలుకాగితము పరచి, కంచుగుండును దొర్లించి, సన్నని గొట్టమునుండి కారిన నీటిని తూచి కాలమును కొలిచిన ఆ వృద్ధుడు, పడు వస్తువు నడచిన దూరము కాలము యొక్క వర్గమును అనుసరించి పెరుగునని 1638లో లైడెను నగరమున అచ్చైన తన సంవాదగ్రంథమున స్థాపించెను. త్వరణము ఆయన చేతికి చిక్కినది. కాని ఆ త్వరణమునకు హేతువేమి యను ప్రశ్నను ఆయన బుద్ధిపూర్వకముగనే ప్రక్కకు పెట్టెను. ఎట్లు పడునో ముందు తెలిసికొందము, ఎందుకు పడునో తరువాత విచారింపవచ్చునని ఆయన నిశ్చయము. అందువలన బలమను భావము ఆయన గ్రంథమున గణితమునకు లొంగలేదు. వస్తువునందలి పదార్థపరిమాణమును గూర్చిన విచారణకు చోటే కలుగలేదు.

బలమును గణితమునకు లొంగదీయుట కంత కాలమేల పట్టినదన్నచో, మన దైనందినానుభవమే మనకు విరోధి. రథోత్సవమునాడు వందలాది జనులు మోకులు పట్టి లాగగా రథము వీధి వెంబడి ఒకే వేగముతో సాగుచున్నదనుకొందము. లాగుచున్నవారి బలమును, ఇరుసులయొద్దను చక్రముల క్రిందను ఎదురొడ్డుచున్న ఘర్షణయు ఆ సమయమున సరిసమానములు; రథముపై ఫలితబలము శూన్యము. చెమటలు క్రమ్మగా లాగుచున్న భక్తునితో ఈ మాట చెప్పిన, విని నమ్ముట కష్టము. లాగినంతసేపే కదలును, విడిచిన ఆగును, కనుక వేగమునకే బలము కారణమని అతనికి తోచును. అరిస్టాటిలుకును అట్లే తోచెను. ఆయన మాట రెండువేల యేండ్లు నిలిచెను. మన వైశేషిక దర్శనకారులు, విడిచిన బాణము యొక్క తొలి కదలిక వింటినారి నోదనమువలన కలుగుననియు, తదుపరి కదలికలు దానియందు నిలిచిన వేగమను సంస్కారమువలన సాగుననియు చెప్పి, ఇంకొక మెట్టు పైకెక్కిరి. ఆ చింతన సూక్ష్మమైనది, మెచ్చదగినది. కాని దానియందు కొలత లేదు. కొలతలేని చింతననే న్యూటను సూత్రమని చాటుట ఆ ప్రాచీనులకు మనము చేయు గౌరవము కాదు.

1684 ఆగస్టులో ఖగోళవేత్త ఎడ్మండ్ హ్యాలీ కేంబ్రిడ్జికి పోయి, దూరము యొక్క వర్గమునకు విలోమముగా తగ్గు ఆకర్షణకు లోనైన గ్రహము ఏ మార్గమున తిరుగవలెనని న్యూటను నడుగుటతో ప్రిన్సిపియా గ్రంథమునకు నాంది జరిగెను. ఆ నవంబరునకు కొద్దిపుటల వ్యాసమొకటి హ్యాలీకి చేరెను. అది పెరిగి మూడు స్కంధముల మహాగ్రంథమయ్యెను. అచ్చువేయుటకు రాయల్ సొసైటీ ఖజానాలో ధనము లేదు, ఏలననగా చేపల చరిత్రను గూర్చిన ఖరీదైన చిత్రగ్రంథము నొకదానిని ప్రచురించి, అది అమ్ముడుపోక ఆ సంస్థ చితికియుండెను. హ్యాలీ తన సొంత ధనము వెచ్చించి ప్రిన్సిపియాను అచ్చొత్తించెను. ఆ సంస్థవారు తరువాత హ్యాలీకి ఈయవలసిన జీతమునకు బదులు ఆ చేపల పుస్తకము ప్రతులనే ఇచ్చిరి. విజ్ఞానశాస్త్రమున ఇంతటి ఔదార్యము అరుదు. న్యూటను పేరు తలచునపుడెల్ల హ్యాలీ పేరును తలచుట న్యాయము.

ఆ గ్రంథారంభమున నిర్వచనములు కలవు. పదార్థపరిమాణము సాంద్రతయు ఘనపరిమాణమును కలసి నిర్ణయించునది. గతిపరిమాణము వేగమును పదార్థపరిమాణమును కలసి నిర్ణయించునది, అనగా నేడు మనము ద్రవ్యవేగమని వ్యవహరించునదే. పిమ్మట వచ్చు రెండవ నియమమున న్యూటను చెప్పినది, ఆ గతియందలి మార్పు పైనుండి ప్రయోగింపబడిన బలమునకు అనుపాతముగా నుండుననియు, బలము ఏ సరళరేఖను అనుసరించునో ఆ రేఖలోనే మార్పు కలుగుననియు మాత్రమే. ఇందు కాలప్రసక్తి లేదు. మార్పు ఎంత యనియే కాని, ఎంత వడిగా కలిగినదని అడుగుట లేదు. ఆయన మనస్సున మొదట మెదలినది సుత్తిదెబ్బవంటి క్షణికాఘాతము: దెబ్బ రెట్టింపైన గతిమార్పు రెట్టింపగును. ఎడతెగక పనిచేయు ఆకర్షణను ఆయన ఎట్లు సాధించెనో చూడవలెనన్నచో, మొదటి స్కంధములోని మొదటి ప్రతిపాదన యొద్ద పటమును తెరచి చూడవలెను. ఒక బిందువు సరళరేఖపై పోవుచుండును. సమానకాలాంతరములలో కేంద్రమువైపు ఒక్కొక్క తాకుడు తగులును. ప్రతి తాకుడుకు దారి ఒక్కింత వంగి, బహుభుజి ఏర్పడును. ఆ బహుభుజి శీర్షములనుండి కేంద్రమునకు గీసిన రేఖలచే ఏర్పడు త్రిభుజములన్నియు సమవైశాల్యములు. తాకుడుల నడిమి వ్యవధిని అంతులేకుండ తగ్గింపగా బహుభుజి వక్రమగును, తాకుడులు నిరంతరబలమగును. త్వరణముతో కూడిన మన సూత్రము ఆ అవధి మాటున దాగియున్నది. కాని అది జ్యామితీయ చిత్రమున నున్నది, అక్షరసమీకరణమున లేదు; ప్రతి సమస్యకు క్రొత్తగా పటము గీయవలసినదే.

ఇక ద్రవ్యరాశి. భారమును ద్రవ్యరాశిని వేరుచేయుట న్యూటను సాధించిన విజయములలో మిక్కిలి గంభీరమైనది. 1672లో జాన్ రిషే అను ఫ్రెంచి ఖగోళవేత్త భూమధ్యరేఖకు సమీపమున నున్న కయేను ద్వీపమునకు పోయి, ప్యారిసులో సరిగా నడచిన లోలకపు గడియారము అచ్చట దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడుటను గమనించి, లోలకమును ఒక్కింత కురుచ చేయవలసివచ్చెనని నివేదించెను. గడియారమునందలి పదార్థము సముద్రయానమున తరుగలేదు. మారినది భూమి దాని నాకర్షించు బలము. త్రాసున రెండు తట్టలు ఒకే చోట నుండుటవలన ఈ భేదము కనబడదు, వీశ గుండు ఎచ్చటనైనను వీశకే తూగును. స్ప్రింగు కాటాలో మాత్రము అదే గుండు స్థలమును బట్టి కొలది భేదముతో తూగును. కనుక వస్తువునకు స్వకీయమైన రాశి యొకటి, దానిపై పనిచేయు ఆకర్షణబలము వేరొకటి.

ఆ రెంటికిని ఎట్టి సంబంధమున్నదో తేల్చుటకు న్యూటను చేసిన ప్రయోగము మూడవ స్కంధమున వర్ణితమై యున్నది. గుండ్రని కొయ్యపెట్టెలు రెండు, ఒకేరీతివి చేయించెను. ఒకదానిని కొయ్యతో నింపి, రెండవదానియందు అంతే తూకముగల బంగారమును ఊగుడు కేంద్రమున నిలిపెను. పదునొకండడుగుల దారములతో రెంటిని వ్రేలాడదీసి, ప్రక్కప్రక్కనే ఊగనిచ్చెను. గాలి నిరోధము రెంటికి సమానము, ఏలననగా పైరూపము ఒకటే. అవి చాలసేపు జతగా ముందునకు వెనుకకు ఊగుచునే యుండెను. బంగారము తీసి వెండి, సీసము, గాజు, ఇసుక, ఉప్పు, నీరు, చివరకు గోధుమలు నింపి చూచెను. వేయింటిలో ఒక వంతు భేదమున్నను తెలియగల ఆ పరీక్షలో భేదము కానరాలేదు. పదార్థమేదైనను, భారము ద్రవ్యరాశికి అనుపాతముగనే యుండును. గ్రహములను కదలించు నియమమునకు గోధుమగింజలచే సాక్ష్యము చెప్పించిన ఈ పుటలను చదువునపుడు కలుగు ఆనందము చెప్పనలవికాదు.

బలములను కూడు విధానమును సైతము న్యూటను విస్మరింపలేదు. నియమముల వెంటనే వచ్చు మొదటి ఉపసిద్ధాంతము సమాంతర చతుర్భుజ న్యాయము: రెండు బలములు ఏకకాలమున పనిచేసినచో, విడివిడిగా పనిచేసినపుడు ఒక్కొక్క భుజము వెంట పోవుటకు పట్టు కాలముననే వస్తువు కర్ణము వెంట పోవును. అదే 1687లో ప్యారిసున గణితవేత్త వరిన్యో సైతము ఈ న్యాయమును ప్రకటించెను. అయినను దీనిని స్థిరముగానున్న దూలములకును కప్పీలకును వాడుటయే తేలిక; కదలుచు, తిరుగుచు, దిక్కు మార్చుచుండు వస్తువునకు క్షణక్షణమును అన్వయించుటకు తగిన భాష అప్పటికి సిద్ధము కాలేదు.

ఆ భాషను సమకూర్చినవారు ఖండాంతర గణితవేత్తలు. లైబ్నిజ్ కలనగణితమున ఆరితేరిన బాసెలు పండితుడు యాకోబ్ హెర్మన్ 1716లో, భారమును ద్రవ్యరాశిచే గుణితమైన వేగభేదమునకును కాలభేదమునకును గల నిష్పత్తిగా తన గ్రంథమున వ్రాసెను. నేటి సూత్రమునకు ఇది అతిసమీపము. కాని ఆ కాలపు విద్వాంసుల దృష్టి వేరొక వివాదమున చిక్కుకొనియుండెను: కదలు వస్తువునందలి బలమును వేగముచే కొలువవలెనా, వేగవర్గముచే కొలువవలెనా యని న్యూటను పక్షమువారును లైబ్నిజ్ పక్షమువారును అర్ధశతాబ్దము పోరాడిరి. ఇరుపక్షములవారును వేర్వేరు రాశులను ఒకే పేర పిలిచి కలహించుచుండిరని ఇప్పుడు మనకు తెలియును. 1743లో ఫ్రెంచి గణితవేత్త దలాంబేర్ ఆ వివాదమును త్రోసిపుచ్చుటయే గాక, బలమను భావమే అస్పష్టమనియు, తత్త్వవేత్తల కల్పనయనియు తలచి, దానిని వీలైనంతవరకు గతిశాస్త్రమునుండి వెలివేయ యత్నించెను. అంతటి మేధావికి అంతటి విసుగు పుట్టుట, ఆనాటి గందరగోళము ఎంతటిదో తెలుపుచున్నది.

1750 సెప్టెంబరు 3వ తేదీన బెర్లిను అకాడమీ యెదుట ఆయిలర్ సమర్పించిన వ్యాసము ఈ గందరగోళమునకు తెరదించెను. యాంత్రికశాస్త్రమున ఒక నూతనసూత్రమును కనుగొనుట యని దాని శీర్షిక, 1752లో అచ్చయ్యెను. అప్పటి కాయన వయస్సు నలుబదిమూడు, కుడికంటి చూపు అంతకు పదేండ్లకు పూర్వమే పోయెను. 1736లో రెండు సంపుటములుగా వెలువరించిన తన యంత్రశాస్త్రమున ఆయన బలమును మార్గమునకు స్పర్శరేఖవైపు ఒక భాగముగను, లంబముగ వేరొక భాగముగను విడదీసెడివాడు. మార్గము వంగినకొలది ఆ దిక్కులును తిరుగుచుండును. బొంగరమువలె తిరుగు ఘనవస్తువును విచారించునపుడు ఆ పద్ధతి చిక్కులపాలగును. ఇప్పుడాయన చేసిన పని, చెప్పిన తరువాత అతిసులభముగా తోచునది. ఆకాశమున కదలని మూడు అక్షములను, ఒకదానికొకటి లంబములుగా, ఎన్నుకొనెను. వస్తువుపై పనిచేయు ప్రతి బలమును ఆ మూడు దిక్కులలోనికి విడదీసి, ఒక్కొక్క దిక్కునను వచ్చినవాని నన్నిటిని కూడెను. ఆ మొత్తమే ఆ దిక్కున ద్రవ్యరాశి త్వరణముల లబ్ధమునకు సమానమని, మూడు దిక్కులకును మూడు సమీకరణములు వ్రాసెను. ఆయన వాడిన ప్రమాణములను బట్టి ఒకవైపు 2 అను గుణకము అదనముగా నిలిచినది. అది తప్ప, నేటి విద్యార్థి వ్రాయునదియు అదియే.

స్థిరాక్షములను వాడుట ఆయనకు ముందే స్కాట్లండునందు మెక్లారిన్ 1742లో చేసియుండెను. అట్లైనచో నూతనత్వమేమి? ఈ మూడు పంక్తులు ఏదో యొక సమస్యకు సాధనము కావనియు, ఘనవస్తువుగాని, ద్రవముగాని, దేనిని అణుమాత్రఖండములుగా భావించినను ప్రతి ఖండమునకును ఇవియే వర్తించుననియు, యంత్రశాస్త్రమంతయు వీనినుండియే పుట్టవలెననియు గ్రహించుటలో నూతనత్వమున్నది. అది ఉత్త డాంబికము కాదని, కొన్ని యేండ్లలోపలనే ఆయన ద్రవప్రవాహ సమీకరణములను, ఘనవస్తు భ్రమణ సమీకరణములను ఈ మూలమునుండియే రాబట్టి నిరూపించెను. తన సూత్రమునకు న్యూటను పేరు పెట్టవలెనని ఆయనకు తోచలేదు. దానిని క్రొత్తదిగనే భావించెను. తరువాతి పాఠ్యగ్రంథకర్తలు న్యూటను రెండవ నియమము క్రింద ఆయిలర్ సమీకరణమును వ్రాసి, ఇద్దరిని ఒకరిగా చేసిరి.

కాగితముపై నిలిచిన ఈ సత్యమును కన్నులార చూపించిన గౌరవము కేంబ్రిడ్జిలో ఉపన్యాసకుడుగానుండిన జార్జ్ ఆట్‌వుడ్‌ది. పడు వస్తువును కొలుచుట కష్టము, ఏలననగా మొదటి సెకండులోనే అది 193 అంగుళములు పడిపోవును. దానిని నెమ్మదింపజేయుటకు ఆయన నిర్మింపించిన యంత్రమును 1784లో ప్రచురించిన గ్రంథమున సాంగోపాంగముగ వర్ణించెను. ఎత్తైన స్తంభముపై తేలికైన ఇత్తడి చక్రమొకటి. దాని ఇరుసు రెండు చివరలును నాలుగు చిన్నచక్రముల అంచులపై ఆని యుండుటచే ఘర్షణ అత్యల్పము. చక్రము మీదుగా సన్నని పట్టుదారము. దారపు రెండు కొనలకును తూకములు వేయుటకు వీలైన చిన్నపెట్టెలు. ప్రక్కన అంగుళములు గుర్తించిన కొలబద్ద. సెకండ్లు తెలుపుటకు లోలకము. పావు ఔన్సును ఒక భాగముగా లెక్కించి, పెట్టె యొక్కింటికి 26 భాగములు వేసెను. చక్రముల జడత్వము 11 భాగములతో సమానమని ప్రయోగముచేతనే నిర్ణయించెను. రెండు పెట్టెలును సమానముగా నున్నంతసేపు ఏదియు కదలదు. అటునిటును లాగుడు గొప్పదే అయినను ఫలితము శూన్యము. ఒక పెట్టెపై ఒక్క భాగము అదనముగా పెట్టినంతనే, 64 భాగముల మొత్తము ద్రవ్యరాశిని ఒక్క భాగపు భారము లాగవలసివచ్చును. కనుక త్వరణము స్వేచ్ఛాపతనమున నుండుదానిలో అరువదినాలుగవ వంతు. మొదటి సెకండున దిగవలసినది 3 అంగుళములు, రెండు సెకండ్లకు 12, మూడింటికి 27. కొలబద్ద ప్రక్కన నిలిచి లోలకపు చప్పుడును చెవినిడి చూచువానికి ఆ పెట్టె సరిగా ఆ గీతలయొద్దనే వచ్చును. తేలికైన పెట్టెనుండి అరభాగము తీసి బరువైనదానియందు వేసిన, మొత్తము ద్రవ్యరాశి మారదు, ఫలితబలము రెట్టింపగును. మొదటి సెకండున 6 అంగుళములు దిగును. అదనపు తూకమును సన్నని కడ్డీగా చేసి, పెట్టె దూరిపోయి కడ్డీ మాత్రము నిలిచిపోవు ఉంగరమును దారిలో అమర్చిన, కడ్డీ తొలగిన క్షణమునుండి పెట్టె ఒకే వేగముతో సాగును. మొదటి నియమమును రెండవ నియమమును ఒక్క స్తంభముపై ప్రక్కప్రక్కన చూపిన యంత్రమిది.

నేటి ప్రమాణములలో ఈ లెక్కను ఒకసారి చేసిచూచుట లాభకరము. ఒక్కొక్క భాగము 10 గ్రాములనుకొందము. మొత్తము 0.64 కిలోగ్రాము, కొలిచిన త్వరణము సెకండుకు సెకండునకు 0.153 మీటరు, లబ్ధము 0.098 న్యూటన్లు, అది సరిగా 10 గ్రాముల భారమే. ఇక దిగుచున్న పెట్టెను మాత్రమే, అదనపు తూకముతో కలిపి, వేరుచేసి చూతము. దాని ద్రవ్యరాశి 0.27 కిలోగ్రాము, త్వరణము మునుపటిదే, కనుక దానిపై ఫలితబలము 0.041 న్యూటను మాత్రమే. దాని భారమో, 2.646 న్యూటన్లు! మిగిలిన 2.605 న్యూటన్లు ఎక్కడికి పోయినవన్న, దారము అంతమేరకు పైకి లాగుచున్నది. విద్యార్థులు తప్పటడుగు వేయునది ఇచ్చటనే. ద్రవ్యరాశిని త్వరణముచే గుణింపగా వచ్చునది ఏ ఒక్క బలమును కాదు, దారపు లాగుడును కాదు, భూమి ఆకర్షణయు కాదు. అన్నిటిని కూడగా తేలినది. ముందు ఏ వస్తువును గూర్చి అడుగుచున్నామో దాని చుట్టును గీత గీసికొని, ఆ గీతను దాటి లోనికి వచ్చు బలములను మాత్రమే లెక్కింపవలెను. వేయి కిలోగ్రాముల మోటారుకారు కదలక నిలిచిన స్థితినుండి పది సెకండ్లలో సెకండుకు 20 మీటర్ల వేగము నందుకొన్నచో త్వరణము సగటున 2, ఫలితబలము 2,000 న్యూటన్లు. గాలియు దారియు కలసి 500 న్యూటన్లతో ఎదురొడ్డినచో, కారును ముందునకు నెట్టిన బలము 2,500.

ప్రమాణముల కథ క్లుప్తముగ చెప్పవచ్చును. బలమును తూకపుగుండ్లతో కొలిచినంతకాలము రిషే గడియారపు చిక్కు వెంటాడుచునే యుండెను. ఏ ఊరి గుండు, ఏ అక్షాంశమున? 1832లో గౌస్, భూమి అయస్కాంతత్వమును కొలుచుటకు పూని, పొడవు, ద్రవ్యరాశి, కాలము అను మూడింటినుండియే బలప్రమాణమును నిర్మించెను. సమీకరణమే ప్రమాణమునకు జన్మస్థానమయ్యెను. 1873లో బ్రిటిషు శాస్త్రజ్ఞుల సంఘము గ్రాము, సెంటిమీటరు, సెకండులపై డైనను బలప్రమాణమును నిలిపెను. కిలోగ్రామునకు సెకండుకు సెకండునకు ఒక మీటరు త్వరణము కలిగించు బలమునకు న్యూటనను పేరు 1948లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ అంగీకరించినది. మన దేశమున 1956 నాటి చట్టము వీశెలను మణుగులను తొలగించి కిలోగ్రామును ప్రవేశపెట్టిన పిమ్మట, మన పాఠ్యగ్రంథములకును అదియే ప్రమాణమైనది.

అయినను ఒక శంక నిలిచియే యున్నది. సాంద్రతయు ఘనపరిమాణమును కలసి ద్రవ్యరాశి యని న్యూటను చెప్పెను. సాంద్రత యననేమి యన్న, ఘనపరిమాణమునందలి ద్రవ్యరాశియే గదా! ఈ చక్రమును 1883లో ఎర్నెస్ట్ మాక్ తన యంత్రశాస్త్ర చరిత్రగ్రంథమున నిర్మొహమాటముగ బయటపెట్టి, రెండు వస్తువులు పరస్పరము కలిగించుకొను త్వరణముల నిష్పత్తినుండియే ద్రవ్యరాశిని నిర్వచింపవలెనని వాదించెను. అట్లు త్వరణమునకు అడ్డుపడు ద్రవ్యరాశియు, భూమిచే ఆకర్షింపబడు ద్రవ్యరాశియు ఏల సమానములు కావలెనను ప్రశ్న తీక్ష్ణమయ్యెను. కొయ్యపెట్టెలు వేయింటిలో ఒక వంతు వరకే బదులు చెప్పినవి. బుడాపెస్టున బారన్ యట్వోష్ సన్నని తంతిచే వ్రేలాడదీసిన దండముతో ఆ పరీక్షను రెండుకోట్లలో ఒక వంతు వరకు కొనిపోయిన వృత్తాంతమును వచ్చు భాగమున వివరింతును.